దశాంశ సంఖ్యలు

దశాంశ సంఖ్య అనగా పూర్ణాంక భాగమును, ఒకటికంటె తక్కువైన భాగమును కలిపి, పది ఆధారంగా గల స్థాన విలువల పద్ధతిలో వ్రాసిన సంఖ్య. ఈ రెండు భాగాలను వేరుచేయడానికి పెట్టే చుక్కను దశాంశ బిందువు అంటారు. ఉదాహరణకు 27.45 అనే సంఖ్యలో 27 పూర్ణాంక భాగం, 45 దశాంశ భాగం. రూపాయలు-పైసలు, కిలోలు-గ్రాములు, మీటర్లు-సెంటీమీటర్లు, జ్వరం, వర్షపాతం, వడ్డీ మొదలైన నిత్యజీవితపు లెక్కలన్నీ ఈనాడు దశాంశాలలోనే జరుగుతున్నాయి.

అయితే చుక్క ఉన్న ప్రతి సంఖ్యా దశాంశ సంఖ్య కాదు. తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న న్యాల్‌కల్ మండలంలో 2.20 అని వ్రాసిన పొలం విస్తీర్ణం రెండు ఎకరాల ఇరవై గుంటలు కావచ్చును. గణితంలో 2.20 ఎకరాలంటే రెండు ఎకరాల ఎనిమిది గుంటలు మాత్రమే. ఈ తేడా తెలియకపోతే పన్నెండు గుంటల భూమి కాగితం మీద కనబడకుండా పోతుంది. కావున దశాంశ సంఖ్యల నియమాలతో పాటు, వాటిని పోలిన ఇతర వ్రాతలను కూడా ఈ వ్యాసంలో వివరించడమైనది.

పేరు, చదివే విధానం

దశ అనగా పది, అంశ అనగా భాగం. దశాంశం అంటే పదవ భాగం. ఒక వస్తువును పది సమభాగాలు చేస్తే అందులో ఒక భాగం దశాంశం. ఆ భాగాన్ని మరల పది చేస్తే నూరవ వంతు, దానిని మరల పది చేస్తే వెయ్యవ వంతు వస్తాయి.

దశాంశ బిందువుకు ఎడమవైపు ఉన్న భాగాన్ని మామూలు సంఖ్యవలె, కుడివైపు ఉన్న భాగాన్ని ఒక్కొక్క అంకెగా చదవాలి. 3.14 ను "మూడు పాయింట్ ఒకటి నాలుగు" అని చదువుతారు. "మూడు పాయింట్ పద్నాలుగు" అని చదవడం సరికాదు. అలా చదివితే 3.14 పెద్దదా, 3.2 పెద్దదా అన్నప్పుడు పద్నాలుగు రెండుకంటె పెద్దది గనుక 3.14 పెద్దదని పొరబడే అవకాశం ఉన్నది. డబ్బు విషయంలో మాత్రం 3.14 రూపాయలను "మూడు రూపాయల పద్నాలుగు పైసలు" అనడం సరియైనదే. ఎందుకంటే అక్కడ పైసా అనే చిన్న ప్రమాణం వేరుగా ఉన్నది.

పూర్ణాంక భాగం లేనప్పుడు బిందువుకు ముందు సున్న వ్రాయడం మంచి అలవాటు (.5 అని కాక 0.5 అని). భారతదేశంలోను, ఆంగ్లం వాడే పెక్కు దేశాలలోను బిందువును వాడతారు. జర్మనీ, ఫ్రాన్సు వంటి ఐరోపా దేశాలలో బిందువుకు బదులు కామా వాడతారు. అక్కడ 3,14 అంటే మనం వ్రాసే 3.14 అని అర్థం.

స్థాన విలువలు

పూర్ణ సంఖ్యలలో ఒకట్ల స్థానం నుండి ఎడమకు జరిగినకొద్దీ స్థాన విలువ పదిరెట్లు పెరుగుతుంది. అదే నియమాన్ని కుడివైపుకు కొనసాగిస్తే, జరిగిన ప్రతి స్థానానికీ విలువ పదవ వంతుకు తగ్గుతుంది. దశాంశ పద్ధతిలోని కీలకమంతా ఇదే. క్రొత్త నియమమేదీ లేదు, ఉన్న నియమాన్నే ఒకట్ల స్థానం దాటించి ముందుకు తీసుకుపోవడం జరిగింది.

357.264 అనే సంఖ్యలోని అంకెల విలువలు ఇలా ఉంటాయి:

3 – వందల స్థానం – 300
5 – పదుల స్థానం – 50
7 – ఒకట్ల స్థానం – 7
2 – పదవ వంతుల స్థానం – 0.2
6 – నూరవ వంతుల స్థానం – 0.06
4 – వెయ్యవ వంతుల స్థానం – 0.004

దశాంశ భాగం చివర ఎన్ని సున్నలు చేర్చినా విలువ మారదు. 0.5, 0.50, 0.500 మూడూ సమానమే. బిందువుకు వెంటనే కుడివైపున సున్న చేరిస్తే మాత్రం విలువ పూర్తిగా మారిపోతుంది. 0.5 అర, 0.05 ఇరవయ్యవ వంతు.

ఒక సంఖ్యను 10 చేత గుణిస్తే బిందువు ఒక స్థానం కుడికి, 100 చేత గుణిస్తే రెండు స్థానాలు కుడికి జరుగుతుంది. భాగిస్తే అదే విధంగా ఎడమకు జరుగుతుంది.

భిన్నాలు – దశాంశాలు

ప్రతి భిన్నాన్నీ దశాంశ రూపంలో వ్రాయవచ్చును. లవాన్ని హారంతో భాగిస్తే చాలును.

1/2 = 0.5
1/4 = 0.25
3/4 = 0.75
1/8 = 0.125
1/16 = 0.0625
1/40 = 0.025

పై భాగహారాలన్నీ శేషం లేకుండా ముగుస్తాయి. వీటిని అంతమయ్యే దశాంశాలు అంటారు. కొన్ని భాగహారాలు ఎప్పటికీ ముగియవు, అవే అంకెలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. 1/3 = 0.333..., 1/7 = 0.142857142857... అటువంటివి. వీటిని ఆవర్తన దశాంశాలు అంటారు. తిరిగి వచ్చే అంకెల పైన ఒక గీత గీసి వీటిని సూచిస్తారు.

ఏ భిన్నం ముగుస్తుంది, ఏది ముగియదు అన్నది భాగహారం చేయకుండానే చెప్పవచ్చును. భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తెచ్చిన తరువాత హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతే అది ముగుస్తుంది. ఉంటే ముగియదు. కారణం తేలిక. ముగిసే దశాంశాన్ని 10, 100, 1000 వంటి హారంతో వ్రాయవచ్చును, వీటి ప్రధాన కారణాంకాలు 2, 5 మాత్రమే. 40 = 2×2×2×5 గనుక 1/40 ముగుస్తుంది. 6 లో 3 ఉన్నది గనుక 1/6 ముగియదు.

ముగియనివి, ఆవర్తనం కూడా కానివి మరొక రకం. √2 = 1.41421356..., π = 3.14159265... ఈ కోవకు చెందుతాయి. అంతమయ్యే దశాంశాలు, ఆవర్తన దశాంశాలు అకరణీయ సంఖ్యలు. ఈ మూడవ రకానివి కరణీయ సంఖ్యలు.

చతుర్విధ పరిక్రియలు

సంకలనం, వ్యవకలనం: బిందువు క్రింద బిందువు వచ్చేటట్లు సంఖ్యలను వ్రాసి, ఖాళీ స్థానాలలో సున్నలు నింపి, మామూలుగా కూడాలి లేదా తీసివేయాలి. 12.5 + 3.75 అన్నప్పుడు 12.50 + 3.75 = 16.25.

గుణకారం: మొదట బిందువులు లేవనుకొని గుణించాలి. రెండు సంఖ్యలలోను కలిపి ఎన్ని దశాంశ స్థానాలు ఉన్నాయో లెక్కించి, లబ్ధంలో కుడినుండి అన్ని స్థానాలు విడిచి బిందువు పెట్టాలి. 1.2 × 0.3 లో 12 × 3 = 36, మొత్తం రెండు స్థానాలు, కావున జవాబు 0.36. గుణిస్తే సంఖ్య ఎప్పుడూ పెరగాలన్న భావం ఇక్కడ చెల్లదు. ఒకటికంటె తక్కువైన సంఖ్యతో గుణించడమంటే అందులో కొంత భాగం తీసుకోవడం.

భాగహారం: భాజకంలో దశాంశం లేకుండా రెండు సంఖ్యలలోను బిందువును సమానంగా కుడికి జరపాలి. 7.5 ÷ 0.25 అంటే 750 ÷ 25 = 30. ఏడున్నర కిలోల పప్పును పావుకిలో పొట్లాలుగా కడితే ముప్పై పొట్లాలు అవుతాయన్నది దీని అర్థం.

పోల్చుట: మొదట పూర్ణాంక భాగాలను, అవి సమానమైతే పదవ వంతులను, అవీ సమానమైతే నూరవ వంతులను వరుసగా పోల్చాలి. 0.5, 0.125 లలో పదవ వంతుల స్థానంలోనే 5 పెద్దది గనుక 0.5 పెద్దది.

సవరింపు

ముగియని దశాంశాలను, అవసరానికి మించి పొడవైన దశాంశాలను కొన్ని స్థానాలకు కుదించి వ్రాయడాన్ని సవరింపు అంటారు. వదిలివేసే మొదటి అంకె 5 కాని అంతకంటె ఎక్కువ కాని అయితే మిగిలిన చివరి అంకెకు ఒకటి కలుపుతారు, లేకపోతే అలాగే ఉంచుతారు. 2.4711 ను ఒక స్థానానికి సవరిస్తే 2.5, రెండు స్థానాలకు 2.47.

సవరింపులో పోయేది చాలా స్వల్పమే. కాని ఆ సంఖ్యను పెద్ద సంఖ్యతో గుణించినప్పుడు ఆ స్వల్పం పెద్దదవుతుంది. కావున లెక్క మధ్యలో సవరించకుండా చివరలో ఒకేసారి సవరించాలి.

చరిత్ర

పది అంకెలతో, స్థాన విలువలతో సంఖ్యలను వ్రాసే పద్ధతి భారతదేశంలో పుట్టింది. ఆర్యభటుడు క్రీ.శ. 499లో ఆర్యభటీయంలో స్థానాల పదిరెట్ల క్రమాన్ని చెప్పాడు. బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నతో చేసే పరిక్రియలకు నియమాలు ఇచ్చాడు. అయినా ప్రాచీన భారతీయ గణితజ్ఞులు ఒకటికంటె తక్కువ విలువలను భిన్నాలుగానే వ్రాశారు. ఆర్యభటుడు వృత్త పరిధికి, వ్యాసానికి గల నిష్పత్తిని 62832/20000 అన్నాడు. నేటి వ్రాతలో అది 3.1416.

తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం వ్రాసి భిన్నాల లెక్కలను విస్తారంగా చర్చించాడు. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం నేటి కర్ణాటకలోని మాల్‌ఖేడ్. ఇది జహీరాబాదుకు నైరుతి దిక్కున ఉన్నది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. తెలుగులో వెలసిన తొలి గణిత గ్రంథంగా దీనికి ప్రసిద్ధి.

భారతీయ అంకెలను గ్రహించిన అరబ్బులలో అల్ ఉక్లిదీసీ పదవ శతాబ్దంలో డమాస్కసులో దశాంశ భిన్నాలను వాడాడు. సమర్‌ఖండ్‌లోని అల్ కాషీ 1427లో పూర్తిచేసిన గ్రంథంలో వాటిని క్రమబద్ధంగా వివరించాడు. ఐరోపాలో సైమన్ స్టెవిన్ 1585లో ప్రకటించిన చిన్న పుస్తకంతో ఇవి వ్యాప్తి చెందాయి. నాణేలు, తూనికలు, కొలతలు అన్నీ దశాంశాలలో ఉండాలని అతడు ఆనాడే సూచించాడు. సంవర్గమానాలను కనిపెట్టిన జాన్ నేపియర్ పదిహేడవ శతాబ్దం మొదట్లో దశాంశ బిందువును వాడాడు.

తెలుగువారి పాత భిన్నాలు

తెలుగువారి పాత లెక్కలు పదవ వంతులపై కాక నాలుగవ వంతులపై నడిచాయి. సగం అర, అందులో సగం పావు, పావులో పావు వీసం (1/16). మూడు పావులు ముప్పావు. ఈ నాలుగవ వంతుల వరుసను వ్రాయడానికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన భిన్నాంకాలు కూడా ఉండేవి. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 లో వీటికి స్థానం లభించింది.

రూపాయికి పదహారు అణాలన్న లెక్క దీనికి సరిగ్గా అతికింది. పావు రూపాయి నాలుగణాలు, వీసం రూపాయి ఒక అణా. తెలంగాణలో చారాణా, ఆఠాణా, బారాణా అన్న మాటలు అణాలు పోయి దశాబ్దాలు గడచినా నిలిచి ఉన్నాయి. అవి వరుసగా 0.25, 0.50, 0.75 రూపాయలు. "చారాణా కోడికి బారాణా మసాలా" అన్న సామెతలో మసాలా ఖర్చు కోడి ధరకు మూడింతలు.

దశాంశ నాణేలు, హాలీ సిక్కా

నేటి న్యాల్‌కల్ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, జహీరాబాదు తాలూకాలో అధిక భాగం, నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలో చేరాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఇవి అందులోకి వచ్చాయి.

హైదరాబాదు రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేది. 1950లో భారత రూపాయిని దానితో పాటు ప్రవేశపెట్టి, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలన్న మారకం నిర్ణయించారు. 1951 తరువాత హాలీ సిక్కా క్రొత్తగా వెలువడలేదు, 1959లో చెల్లుబాటు పూర్తిగా రద్దయింది. ఈ మారకం ఆవర్తన దశాంశానికి మంచి ఉదాహరణ. ఒక హాలీ రూపాయి విలువ 6/7 = 0.857142857142... భారత రూపాయలు. ఇది ఎన్ని స్థానాలకు పోయినా ముగియదు. 350 హాలీ రూపాయలు తెచ్చినవానికి సరిగ్గా 300 రూపాయలు వస్తాయి. నూరు తెచ్చినవానికి మాత్రం 85.714285... అనగా 85 రూపాయల 11 అణాల 5 పైలు, ఇంకా కొద్దిగా మిగులు. హారంలోని 7 వలన నూరు రూపాయలకు చిల్లర ఎప్పుడూ సరిపోదు.

భారతదేశంలో దశాంశ నాణేల పద్ధతి 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. క్రొత్త పద్ధతిలో రూపాయికి 100 నయా పైసలు. 1964 జూన్ 1 నుండి "నయా" అన్న మాటను తొలగించి పైసా అన్నారు.

ఒక అణా సరిగ్గా 6.25 నయా పైసలు. పావు పైసాకు నాణెం లేదు గనుక మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయా పైసలని నిర్ణయించారు. అర పైసాను, అంతకు తక్కువను వదలడం, అంతకు మించితే ఒక పైసాగా లెక్కించడం ఇందులోని పద్ధతి. పదహారు అణాలను కలిపి మార్చుకుంటే 100 పైసలు వస్తాయి. ఒక్కొక్క అణాగా పదహారుసార్లు మార్చుకుంటే 16 × 6 = 96 పైసలే వస్తాయి. అంటే మధ్యలో సవరించినందువలన రూపాయికి నాలుగు పైసలు నష్టం. సవరింపు చివరలోనే చేయాలన్న నియమానికి ఇంతకంటె తేలికైన నిదర్శనం లేదు.

25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేల చెల్లుబాటు 2011 జూన్ 30తో ముగిసింది. నాణేలు పోయినా బ్యాంకు ఖాతాలలోను, పెట్రోలు ధరలోను రెండు దశాంశ స్థానాలు కొనసాగుతున్నాయి.

తూనికలు, కొలతలు

1956 నాటి తూనికలు, కొలతల చట్టం ద్వారా మెట్రిక్ పద్ధతి 1958 అక్టోబరు నుండి దశలవారీగా అమలయింది. 80 తులాల సేరు సుమారు 0.933 కిలోలు, తులం సుమారు 11.664 గ్రాములు. మెట్రిక్ పద్ధతిలో ప్రమాణాలన్నీ పదిరెట్ల వరుసలో ఉండడం వలన ఒక ప్రమాణం నుండి మరొకదానికి మారడానికి బిందువును జరిపితే సరిపోతుంది. 2 కిలోల 75 గ్రాములు అంటే 2.075 కిలోలు. దీనిని 2.75 అని వ్రాయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

ఎకరం – గుంట: దశాంశం కాని చుక్క

భూమి కొలతలు మాత్రం పూర్తిగా దశాంశాలకు మారలేదు. తెలంగాణలోను, పొరుగున ఉన్న బీదర్ జిల్లాలోను ఎకరానికి 40 గుంటలు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలలో ఎకరానికి 100 సెంట్లు. ఎకరం రెండుచోట్లా 4,840 చదరపు గజాలే. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు.

సెంట్లు నూటికి ఉన్నందున 2 ఎకరాల 20 సెంట్లను 2.20 ఎకరాలని వ్రాస్తే అది నిజమైన దశాంశం. రెండు ఎకరాల ఇరవై గుంటలను పహాణీలలో, దస్తావేజులలో 2-20 అని అడ్డగీతతో వ్రాయడం వాడుక. కాని "ఎ.గుం." అన్న శీర్షిక క్రింద ఇదే విస్తీర్ణం 2.20 అని చుక్కతో కూడా కనిపిస్తుంది. ఈ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకు, గుంటలకు మధ్య హద్దు మాత్రమే.

2.20 ఎకరాలు (దశాంశం) = 2 ఎకరాల 8 గుంటలు = 10,648 చదరపు గజాలు
2 ఎకరాల 20 గుంటలు = 2.50 ఎకరాలు = 12,100 చదరపు గజాలు
తేడా = 12 గుంటలు = 1,452 చదరపు గజాలు

గుంటలను దశాంశ ఎకరాలుగా మార్చడానికి 0.025 చేత గుణించాలి (1/40 = 0.025). దశాంశ భాగాన్ని గుంటలుగా మార్చడానికి 40 చేత గుణించాలి.

1 గుంట = 0.025 ఎకరం
5 గుంటలు = 0.125 ఎకరం
8 గుంటలు = 0.20 ఎకరం
10 గుంటలు = 0.25 ఎకరం
20 గుంటలు = 0.50 ఎకరం
30 గుంటలు = 0.75 ఎకరం
39 గుంటలు = 0.975 ఎకరం

ఎకరం-గుంటల సంఖ్యలను నేరుగా దశాంశాలవలె కూడరాదు. ఒక రైతుకు ఒకచోట 1-30, మరొకచోట 2-25 ఉంటే, 1.30 + 2.25 = 3.55 అన్న జవాబుకు అర్థం లేదు. 30 + 25 = 55 గుంటలు, అందులో 40 గుంటలు ఒక ఎకరం, కావున మొత్తం 4-15. దశాంశాలలో సరిచూస్తే 1.75 + 2.625 = 4.375, 0.375 × 40 = 15 గుంటలు.

చివరి సున్న విషయంలో కూడా జాగ్రత్త అవసరం. దశాంశాలలో 2.2, 2.20 ఒకటే. గుంటల లెక్కలో 2.02 అంటే రెండు గుంటలు, 2.20 అంటే ఇరవై గుంటలు. కంప్యూటరు పట్టికలో ఈ విస్తీర్ణాన్ని సంఖ్యగా నమోదు చేస్తే చివరి సున్న పోయి 2.2 అని మిగులుతుంది. దానిని చూచినవారు రెండు గుంటలుగా పొరబడితే పద్ధెనిమిది గుంటలు తగ్గుతాయి. చుక్క తరువాతి రెండు అంకెలు 39కి మించితే అవి గుంటలు కావని నిశ్చయంగా చెప్పవచ్చును. 39 లేక అంతకు తక్కువైతే శీర్షిక చూడనిదే ఏ లెక్కో తేల్చలేము.

ఈ తేడా డబ్బు రూపంలో ఇలా ఉంటుంది. 2025 జనవరి 26న ప్రారంభమైన రైతు భరోసా పథకంలో ఎకరానికి ఒక పంటకాలానికి 6,000 రూపాయలు, అనగా గుంటకు 150 రూపాయలు. 2-20 గల రైతుకు 6,000 × 2.5 = 15,000 రూపాయలు రావాలి. 2.20 ను దశాంశంగా తీసుకొని లెక్కిస్తే 13,200 మాత్రమే వస్తాయి. అమ్మకాలలోను, భూసేకరణ పరిహారంలోను తేడా ఇంకా పెద్దది. ఎకరం పది లక్షలు అనుకుంటే పన్నెండు గుంటల విలువ మూడు లక్షల రూపాయలు.

భూసేకరణ ఈ ప్రాంతానికి దూరపు విషయం కాదు. జహీరాబాదు జాతీయ పెట్టుబడులు, తయారీ మండలికి (నిమ్జ్) న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,635 ఎకరాలు ప్రతిపాదించారు. 2011 నాటి జాతీయ తయారీ విధానం ప్రకారం ఇటువంటి మండలికి కనీసం 5,000 హెక్టార్లు ఉండాలి. ఒక ఎకరం 0.404686 హెక్టార్లు గనుక 12,635 ఎకరాలు సుమారు 5,113 హెక్టార్లు. ఎకరానికి 0.4 హెక్టార్లని సవరించి లెక్కిస్తే 5,054 హెక్టార్లు వస్తుంది. మూడవ దశాంశ స్థానం నుండి వదిలివేసినందుకు 59 హెక్టార్లు, అనగా సుమారు 146 ఎకరాల తేడా వచ్చింది. అది పెక్కు చిన్న రైతు కుటుంబాల భూమికి సమానం.

దశాంశాలవలె కనిపించే ఇతర వ్రాతలు

క్రికెట్ ఓవర్లు: 19.4 ఓవర్లు అంటే 19 ఓవర్ల 4 బంతులు. ఓవరుకు ఆరు బంతులు గనుక ఇది 19.667 ఓవర్లు. 160 పరుగులు చేసిన జట్టు సగటు 160 ÷ 19.667 = 8.14. 19.4 తో భాగిస్తే 8.25 అని తప్పు జవాబు వస్తుంది.

కాలం: గంటన్నరను 1.30 అని వ్రాసినా అది దశాంశంలో 1.5 గంటలు.

ఎత్తు: 5.6 అని వ్రాసిన ఐదడుగుల ఆరంగుళాలు నిజానికి 5.5 అడుగులు.

అక్షాంశ రేఖాంశాలు: జహీరాబాదు సుమారు 17.68° ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. డిగ్రీకి 60 నిమిషాలు గనుక ఇది 17 డిగ్రీల 40 నిమిషాల 48 సెకండ్లు. 17 డిగ్రీల 68 నిమిషాలు కాదు.

వీటన్నిటికీ నియమం ఒక్కటే. చిన్న ప్రమాణాలు ఎన్ని కలిస్తే ఒక పెద్ద ప్రమాణం అవుతుందో చూడాలి. అది 10, 100, 1000 వంటిది కాకపోతే ఆ చుక్క దశాంశ బిందువు కాదు.

ఇతర ఉపయోగాలు

చెరకు ధర: జహీరాబాదు ప్రాంతంలో చెరకు ముఖ్యమైన పంట. కేంద్ర ప్రభుత్వం 2025–26 చక్కెర సంవత్సరానికి 10.25 శాతం చక్కెర రికవరీ ఉన్న చెరకుకు క్వింటాలుకు 355 రూపాయల ధర నిర్ణయించింది. రికవరీ 0.1 శాతం పెరిగితే 3.46 రూపాయలు పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. 9.5 శాతం, అంతకు తక్కువ అయితే 329.05 రూపాయలు. 40 టన్నులు (400 క్వింటాళ్ళు) తోలిన రైతుకు ఒక్క 0.1 శాతం తేడా 1,384 రూపాయలు.

బంగారం: 22 కారట్ల బంగారమంటే 24 భాగాలలో 22 భాగాలు. 22/24 = 0.91666... నగలపై కనిపించే 916 అన్న ముద్ర దీని నుండి వచ్చినదే.

రేడియో: జహీరాబాదు సమీపాన మాచ్‌నూర్‌లో 2008లో ప్రారంభమైన సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్‌పై ప్రసారమవుతుంది. అనగా సెకండుకు 9 కోట్ల 4 లక్షల కంపనాలు.

వైద్యం: మందుల మోతాదులో బిందువు స్థానం ప్రాణంతో ముడిపడిన విషయం. గుండె జబ్బులకు వాడే డిగాక్సిన్ మాత్ర 0.25 మిల్లీగ్రాములు. బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదిరెట్లవుతుంది. కావున చీటీ వ్రాసేటప్పుడు బిందువుకు ముందు సున్న తప్పక వ్రాయాలని, 5 అని వ్రాయవలసినచోట 5.0 అని వ్రాయరాదని వైద్యులకు బోధిస్తారు. చుక్క మసకబారితే .5 ఐదుగాను, 5.0 యాభైగాను కనిపిస్తాయి.

కంప్యూటర్లు: కంప్యూటరు రెండు ఆధారంగా లెక్కిస్తుంది. 1/10 హారంలో 5 ఉన్నందున ఆ పద్ధతిలో 0.1 ఎప్పటికీ ముగియదు, కొంత వదలక తప్పదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఒక పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థ కాలాన్ని పదవ వంతు సెకండ్లలో లెక్కిస్తూ, నూరు గంటలు ఆగకుండా పనిచేసిన తరువాత సుమారు 0.34 సెకండ్లు వెనుకబడింది. రాబోయే క్షిపణిని గుర్తించలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు మరణించారు.

సాధారణ పొరపాట్లు

అంకెలు ఎక్కువ ఉన్న దశాంశమే పెద్దదనుకోవడం. 0.125 కంటె 0.5 పెద్దది.

0.5 ను, 0.05 ను ఒకటిగా భావించడం. అరకిలో 0.5 కిలో, 50 గ్రాములు 0.05 కిలో.

గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అనుకోవడం. 8 × 0.5 = 4, 8 ÷ 0.5 = 16.

కూడికలో బిందువులను కాక చివరి అంకెలను ఒకదాని క్రింద ఒకటి వ్రాయడం.

శాతాన్ని దశాంశంగా మార్చేటప్పుడు రెండు స్థానాలు జరపకపోవడం. 2 శాతం అంటే 0.02, 0.2 కాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై తెచ్చిన 50,000 రూపాయలకు నెల వడ్డీ 50,000 × 0.02 = 1,000 రూపాయలు, సంవత్సరానికి 12,000 రూపాయలు, అనగా 24 శాతం.

ప్రమాణం చూడకుండా చుక్కను చదవడం. పాసుపుస్తకంలోని విస్తీర్ణాన్ని లెక్కించే ముందు అది ఎకరం-గుంటలా, ఎకరం-సెంట్లా, హెక్టార్లా అన్నది పై శీర్షికలో చూచుకోవాలి.

ఇవి కూడా చూడండి

భిన్నం
స్థాన విలువ
అకరణీయ సంఖ్య
శాతం
మెట్రిక్ పద్ధతి
గుంట
హైదరాబాదు రూపాయి
పావులూరి మల్లన
న్యాల్‌కల్ మండలం